రమ్మని వచ్చిన కాగితం

మా వంశంలో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. గొప్ప కోసం ఈ మాట చెప్పడం లేదు. దరఖాస్తు ఎలా పెడతారో, ఇంటర్వ్యూకు ఎందుకు పిలుస్తారో, ఒక్క ఉద్యోగానికి ఎంతమందిని పిలిచి ఎంతమందిని వెనక్కి పంపుతారో మా ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పడానికి చెబుతున్నాను. ఆ సంగతులన్నీ నేను తెలుసుకున్నాను గాని, ఇంటికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నదంతా ఆ చెప్పకపోవడం వల్ల జరిగినదే.

బళ్ళారిలో బి.ఎస్సీ. రసాయన శాస్త్రం ముగించి, ఆ ఏడు వానలు మొదలయ్యే సమయానికి బెంగళూరు చేరాను. మా జిల్లాలో ఇనుప ఖనిజానికి ఎన్నడూ లేని గిరాకీ వచ్చిన రోజులవి. సండూరు దారి మీద లారీలు ఒకదాని వెనుక ఒకటి తెంపు లేకుండా నడిచేవి. రోడ్డు పక్క చెట్ల ఆకులు ఎర్రబడిపోయాయి. ఇంత పని జరుగుతున్న జిల్లాను విడిచి బెంగళూరు ఎందుకని ఊళ్ళో అడిగినవారున్నారు. లారీ కొన్నవాడికి, లారీ తోలేవాడికి, పార పట్టేవాడికి మా జిల్లాలో పని ఉంది. చదివినవాడి కాగితాలు తీసి చూసే ఆఫీసులు మాత్రం బెంగళూరులో ఉన్నాయి.

యశ్వంతపురం వైపు ఒక మేడ మీద, రేకుల గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. రెండవవాడు కంప్లి దగ్గరి ఎమ్మిగనూరువాడు, నా కాలేజీ సహాధ్యాయి. వాళ్ళది వరి, చెరకు పండించే కుటుంబం. గిరాకీ మొదలయ్యాక లారీల్లోకి దిగారు. అతని మేనమామకు యశ్వంతనగర్ దగ్గర ప్లాటు ఉండేది. గనుల నుంచి వచ్చిన ఖనిజాన్ని కుప్పలు పోసి, ఓడరేవుకు పోయే లారీలకు ఎత్తే మైదానాన్ని మా వైపు ప్లాటు అంటారు. ఆ ప్లాటులోనే మా నాయన పార పట్టేవాడు. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు. గదిలో దాని ప్రస్తావన ఎప్పుడూ రాలేదు.

నాకు ఒకే ఒక తెల్లచొక్కా ఉండేది. సాయంత్రం ఉతికి, ఉదయం ఆరినా ఆరకపోయినా ఇస్త్రీ చేసి తొడుక్కుని పీణ్య పారిశ్రామిక వాడలో ఫ్యాక్టరీ గేట్ల వెంట తిరిగేవాణ్ణి. గేటు దగ్గర కాపలా మనిషి బయోడేటా తీసుకుని, అప్పటికే ఉన్న కట్ట మీద వేసి, గాలికి ఎగరకుండా టీ గ్లాసు పెట్టేవాడు. కొన్నిచోట్ల నా పేరు మీద గ్లాసు అడుగు గుండ్రంగా అంటుకోవడం నా కళ్ళతో చూశాను. లోపలికి పిలిచినచోట ప్రశ్న ఒక్కటే, "ఎక్స్‌పీరియన్స్ ఎంత?"

మూడవ నెలలో, ఖనిజం, సిమెంటు పరీక్షించే ఒక ప్రయోగశాలవారు సహాయ రసాయనికుడు కావాలని పత్రికలో ప్రకటించారు. దరఖాస్తు పంపాను. మేడ యజమాని ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలియదు కనుక, చిరునామా దగ్గర మా ఊరు తెక్కలకోట ఇంటిది రాశాను.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక మా అమ్మ తెక్కలకోట బస్టాండు పక్కనున్న ఫోను బూత్ దగ్గరికి వచ్చేది. ఒంటిగంటకు నేను అక్కడికి ఫోను చేసేవాణ్ణి. ఆ ఆదివారం ఆమె నా పలకరింపు కోసం ఆగలేదు.

"నాయనా, కాయితం వచ్చె."

"ఏం కాయితమ్మా?"

"కెలసం కాయితం. ముద్రేసి ఉండాది. పక్కింటి పాప చదివిచ్చె. పై గురువారం పది గంటలకి సర్టిపికెట్లన్నీ తీసుకోని రమ్మని రాసినారు."

"అమ్మా, అది..."

"ఈపొద్దు గుళ్ళో సాక్ష్యం చెప్పినా. అయ్యగారు నీ పేరు పెట్టి ప్రార్థన చేసిరి. మన ఎర్ర కోడిపెట్టను కానుక ఇచ్చినా."

బూత్‌లో ఆమె వెనుక నుంచి ఎవరో ఆడమనిషి, "మిఠాయి యాడమ్మా? సుమ్మనే నోటితో చెప్తే సరిపోతుందా?" అనడం, అమ్మ నవ్వడం వినబడ్డాయి. మా అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను చాలాకాలంగా వినలేదు. "సరేమ్మా, కాగితం భద్రంగా పెట్టు" అని ఫోను పెట్టేశాను.

కెలసం, అంటే ఉద్యోగం, వచ్చేసిందని ఆమె ఎందుకు అనుకున్నదో నాకు వెంటనే తెలిసింది. మాది పాత మిషను సంఘం. మా పెద్దమ్మకు మిషను ఆసుపత్రిలో పని దొరికిన కథ మా ఇంట్లో వందసార్లు చెప్పుకున్న కథ. ఫలానా రోజున పరుపుచుట్టతో రావలెనని ముద్ర వేసిన కాగితం వచ్చింది, పెద్దమ్మ వెళ్ళి చేరింది, ముప్పై ఏళ్ళు పని చేసింది. ఆ కాలంలో మాట్లాడవలసినవి సంఘపు పాదిరి అయ్యగారు, ఆసుపత్రి దొరసాని ముందే మాట్లాడుకునేవారు. అన్నీ కుదిరాకే కాగితం వచ్చేది. కనుక రమ్మని రాశారంటే పని ఇచ్చారన్నట్టే. పిలిచి, కూర్చోబెట్టి, ప్రశ్నలడిగి వెనక్కి పంపేవాళ్ళుంటారని మా అమ్మకు ఎవరు చెప్పారు గనుక? చెప్పవలసినవాణ్ణి నేను.

సాక్ష్యం అంటే మా సంఘంలో తేలిక మాట కాదు. దేవుడు తనకు చేసిన మేలును మనిషి లేచి నిలబడి అందరి ముందు చెప్పడం. జ్వరం తగ్గితే చెబుతారు, బిడ్డ పుడితే చెబుతారు. చెప్పినదాన్ని వెనక్కి తీసుకున్నవారిని నేను చూడలేదు. ఆ ఉద్యోగం నాకు రాకపోతే, దేవుడు చేయనిదాన్ని చేశాడని చెప్పిన మనిషిగా మా అమ్మ చర్చి చాపల మీద ప్రతి ఆదివారం కూర్చోవాలి.

ఆ వారమే గదిలోని మిత్రుడు ఊరికి పోయి వస్తూ, నా కోరికపై తెక్కలకోటలో దిగి ఉత్తరం తెచ్చాడు. అమ్మ ఇచ్చిన చెనిక్కాయల పొడి డబ్బాను నా ముందు పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"ఏమప్పా, మీ ఊర్లో నీకు ముందే కెలసం ఇచ్చేసినారు కదా. బస్టాండులో మీ ఇల్లు యాడ అని అడిగితే, బెంగళూరులో ఆఫీసరయినాడే, ఆ పిల్లోని ఇల్లా అంటారు."

"నవ్వద్దులేప్పా."

"నవ్వేది కాదు. మీ అమ్మ నాకు రెండుసార్లు అన్నం పెట్టె. నువ్వు సెలక్టు కాకపోతే ఏ మొగం పెట్టుకోని ఊరికి పోతావు చెప్పు."

అంటూనే సంచిలోంచి మడతపడకుండా అట్టల మధ్య పెట్టి తెచ్చిన కాగితం తీశాడు. అతని మేనమామ ప్లాటు పేరు అచ్చువేసిన కాగితం. నేను ఆరు నెలలపాటు అక్కడ ఖనిజం శాంపిల్ తీసే పని చేశానని, శ్రద్ధగలవాడినని, నిజాయితీపరుడినని అందులో ఇంగ్లీషులో ఉంది. కింద సంతకం, ముద్ర.

"నేను చెయ్యలేదు కదప్పా."

"మీ నాయన చేస్తాండాడు కదా ఆడ. ఇంట్లో ఒకరు చేస్తే ఇద్దరు చేసినట్టే. బెంగళూరు నుంచి ఎవడొచ్చి చూసేది? ఇప్పుడు మన జిల్లాలో ఇట్లాంటి కాయితాలు లేకుండా లారీ కూడా కదలదు."

అంతకుముందు ఎప్పుడూ ఎత్తని మాటను అతను ఎత్తాడు. వెక్కిరించడానికి కాదు, సాయం చేయడానికే. అందుకే నాకు కోపం రాలేదు. కాగితం తీసుకున్నాను. నా మార్కుల పత్రాల కింద, ఫైలు అడుగున పెట్టాను.

గురువారం వరకు ఆ ఫైలును రోజుకు ఎన్నిసార్లు తెరిచానో చెప్పలేను. అమ్మ చెప్పింది తెలియక చెప్పిన అబద్ధం. దాన్ని నిజం చేయాలంటే నేను తెలిసి ఒక అబద్ధం చెప్పాలి. ఒక్కోసారి అది నా ధర్మంగానే తోచేది. మరుక్షణం నిజాయితీపరుడన్న మాట కళ్ళబడి ఫైలు మూసేవాణ్ణి.

గురువారం ఆ ప్రయోగశాల వరండాలో ఏడుగురం కూర్చున్నాం. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. లోపల బల్ల వెనుక వయసు మళ్ళిన ఒక అధికారి ఉన్నారు. దరఖాస్తు చూసి కన్నడంలో, "యావూరప్పా?" అన్నారు.

"తెక్కలకోట సార్. సిరుగుప్ప తాలూకా, బళ్ళారి జిల్లా."

"అట్లయితే దుమ్ము అలవాటే."

మొదట పుస్తకం ప్రశ్నలు అడిగారు. ఖనిజంలో ఇనుము శాతం ఎలా కనుక్కుంటావు, ఏ ద్రావణం వాడతావు, రంగు ఎప్పుడు మారుతుంది. చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, "అదంతా గాజుపాత్రలోకి వచ్చాక సంగతి. నీ ఎదురుగా తాటిచెట్టంత కుప్ప ఉంది. అందులోంచి నువ్వు ఒక చిన్న డబ్బాడు తేవాలి. ఎక్కడ తీస్తావు?" అన్నారు.

మా పుస్తకంలో దాని గురించి ఒకే వాక్యం ఉండేది. నేను ఆ వాక్యం చెప్పలేదు. శనివారాల్లో ఇంటికి వచ్చిన నాయన స్నానానికి ముందు మెట్టు మీద కూర్చుని చెప్పిన మాటలు నోట్లోకి వచ్చాయి.

"పైన తీయకూడదు సార్. కుప్ప పోసేటప్పుడు పెద్ద రాళ్ళు దొర్లి అంచుకు పోతాయి, పొడి మధ్యలో నిలుస్తుంది. అమ్మేవాళ్ళు మంచి సరుకు పైపైన పరిచి ఉంటారు. నాలుగు వైపులా మోకాలి లోతు తవ్వి, పై పొర పారేసి, లోపలిది తీయాలి. తీసినదంతా ఒకచోట పోసి, కలిపి, రొట్టెలాగా చదును చేసి నాలుగు ముక్కలు కోయాలి. ఎదురెదురు ముక్కలు రెండు ఉంచి, తక్కిన రెండు తోసేయాలి. డబ్బాకు సరిపడేదాకా మళ్ళీ అట్లాగే."

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇది కాలేజీలో చెప్పరు. ఎవరు నేర్పించారు?"

ఫైలు నా ఒళ్ళో ఉంది. దాని దారం మీద నా బొటనవేలు ఉంది. నేనే చేశాను సార్, ఆరు నెలలు, అంటే సరిపోతుంది. కాగితం అదే మాట చెబుతుంది. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. కాని ఆ మోకాలి లోతు తవ్వినవి నాయన చేతులు. గోళ్ళ చుట్టూ ఎర్రమట్టి ఇంకిపోయి, పండుగనాడు కూడా వదలని చేతులు. ఆ పనిని నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"మా నాయన సార్. యశ్వంతనగర్ దగ్గర ప్లాటులో లోడింగు పని."

"ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఏమైనా ఉందా నీ దగ్గర?"

"లేదు సార్."

అదీ పూర్తి నిజం కాదు. కాగితం ఫైలులోనే ఉంది. ఆయన ఒక క్షణం నా ఫైలు వైపు చూసినట్టు నాకు అనిపించింది. తరువాత నిట్టూర్చి, "ఆరు నెలలు ఉండి ఉంటే బాగుండేది. శాంపిల్ ఎవరి చేతికిచ్చామో, అతనికి అనుభవం ఎంతో మేము సరుకు పంపిన పార్టీలకు చూపించాలి. అందరికీ వారం పది రోజుల్లో ఇంటికి ఉత్తరం వస్తుంది. నువ్వు వెళ్ళవచ్చు" అన్నారు.

మెట్లు దిగాక గాని ఆ చివరి మాట నా తలకెక్కలేదు. ఉత్తరం ఇంటికి వస్తుంది. అదే రకం కవరు, అదే ముద్ర. పక్కింటి పాప పరీక్షలకని బళ్ళారి పోయి ఉంటుంది. చదివేవారు లేక అమ్మ దాన్ని తిన్నగా చర్చికి తీసుకుపోతే? మళ్ళీ పైకి వెళ్ళి, వరండాలో గుమాస్తాను చిరునామా మార్చమని బతిమాలాను. ఫారంలో ఏది ఉంటే దానికే పోతుందని అతను తల ఎత్తకుండా చెప్పాడు.

గదిలో మిత్రుడికి జరిగింది చెప్పాను.

"వాళ్ళే నోరు తెరిచి అడిగినారు, లేదన్నావా?"

"అన్నాను."

"మా మామ సంతకం నీకు అంత చులకనయిందా? ఎవరికోసరం తెచ్చినానప్పా నేను?"

చులకన కాదని చెప్పడానికి ప్రయత్నించాను. నా మాటలు నాకే అతకలేదు. కాగితాన్ని తిరిగి ఇచ్చాను. అతను దాన్ని చూడకుండా తన పెట్టెలో పడేశాడు. రెండు రోజులు మా ఇద్దరి మధ్య అన్నం, నీళ్ళు అన్న మాటలు తప్ప మరేవీ నడవలేదు.

మధ్యలో వచ్చిన ఆదివారం ఫోనులో అమ్మకు ఈ సంగతి చెప్పలేకపోయాను. ఆ తరువాతి శనివారం తెల్లవారగానే బస్సెక్కాను. దారి పొడవునా నా మనసులో ఒకే లెక్క, ఉత్తరం ముందా, నేను ముందా? బళ్ళారి దాటాక లారీలకు దారి ఇస్తూ బస్సు రెండుచోట్ల ఆగింది. ఆగిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. పక్కనున్న ముసలాయన, "కూకోప్పా, నువ్వు నిలబడితే బస్సు పరిగెత్తుతుందా?" అన్నాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయన అప్పుడే యశ్వంతనగర్ నుంచి వచ్చి బండ మీద స్నానం చేస్తున్నాడు. బండ మీదుగా ఎర్రనీళ్ళు కాలువలోకి పోతున్నాయి. అమ్మ నన్ను చూసి లోపలికి పోయి, బైబిలు పేజీల మధ్య నుంచి కవరు తీసుకుని వచ్చింది. విప్పలేదు.

"నిన్న వచ్చె. రేపు గుళ్ళో అయ్యగారితోనే చదివిద్దామని పెట్టినా. నువ్వొస్తివి, నువ్వే చదువు."

చించి చదివాను. నాలుగు వరుసలు. వేరొకరిని ఎంపిక చేశామని, నా ఆసక్తికి ధన్యవాదాలని. చదివినది చదివినట్టు తెలుగులో చెప్పాను. ఆ తరువాత, మొదటి కాగితం ఏమిటో, ఇంటర్వ్యూ అంటే ఏమిటో, నెలల కిందట చెప్పవలసినదంతా చెప్పాను. ఫోనులో ఆ రోజే చెప్పనందుకు తప్పు నాదేనన్నాను.

అమ్మ చేతిలోని బైబిలు మూసింది.

"రమ్మని రాసినారు కదా?"

"రమ్మన్నారమ్మా. చూడడానికి."

"చూసి పంపించేదానికి అంత దూరం పిలుస్తారా మనిషిని?"

తల తుడుచుకుంటూ వచ్చి నిలబడిన నాయన అంతా విన్నాడు. నేను అధికారి అడిగిన కుప్ప ప్రశ్నను, చెప్పిన జవాబును, మిత్రుడు ఇచ్చిన కాగితం సంగతిని కూడా దాచలేదు. నాయన కాగితం మాట వదిలేసి, కుప్ప సంగతే అడిగాడు.

"మోకాలి లోతు అని చెప్పినావా?"

"చెప్పినా."

"ఎదురెదురు తునకలు అని?"

"అదీ చెప్పినా. ఎవరు నేర్పించారని అడిగితే నీ పేరు చెప్పినా."

నాయన తువ్వాలు దండెం మీద వేసి, "అయితే ఇంటర్వ్యూ నాకు అయ్యిందన్నమాట. పాసా ఫెయిలా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు.

ఆ సాయంత్రం నేను అమ్మతో, రేపు నేనే లేచి సంఘానికి చెబుతానన్నాను. ఆమె పొయ్యి దగ్గర రొట్టె తడుతూ, వెనక్కి తిరగకుండానే చెప్పింది. "చెప్పింది నేను. నువ్వు లేస్తే పిల్లోడు తల్లిని కాపాడతాండాడు అంటారు. కూకో సుమ్మనే."

ఆదివారం పాట అయ్యాక, సాక్ష్యాలు చెప్పేవారు ఉన్నారా అని అయ్యగారు అడిగారు. ఆడవాళ్ళ వైపు మూడవ వరుసలో అమ్మ లేచింది. నేను మగవాళ్ళ వైపు, నాయన పక్కన కూర్చున్నాను. ఆమె లేవగానే కొందరు ముందే "స్తోత్రం" అన్నారు. నియామకం సంగతి చెబుతుందని వాళ్ళ ఊహ.

"స్తోత్రం వద్దు, వినండి" అంది అమ్మ. కొంగు భుజం మీద సర్దుకుంది. "పోయిన నెల్లో ఈడ నిలబడి మా వానికి కెలసం వచ్చె అని చెప్పినా. రాలేదు. ఆ కాయితం చూసేదానికి రమ్మని పిలిచిందంట, ఇచ్చేదానికి కాదంట. నాకు తెలీలేదు. దేవుడు చెయ్యని పని చేసినాడని చెప్పినా, అది నా తప్పు. మీరు మా వాని కోసరం స్తోత్రం చెప్పినారు. దాన్ని ఎనక్కి తీసుకోండి. ప్రార్థన చెయ్యండి, అది చాలు."

కూర్చోలేదు. ఏదో ఒకటి వినేవరకు నిలబడాలని అనుకున్నట్టుంది. అయ్యగారు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. చెప్పిన సాక్ష్యాన్ని తిరిగి తీసుకోవడానికి ఆయన దగ్గర కూడా క్రమం ఏదీ లేదు.

ముందు వరుసలోంచి, ఆ రోజు మిఠాయి అడిగిన గొంతే వినబడింది. "మరి ఎర్రపెట్టను ఏం చేస్తావమ్మా? పట్టుకపోతావా?"

రెండు మూడు చోట్ల నవ్వు పుట్టి ఆగింది. అయ్యగారు తడబడుతూ, "కోడి ఇంట్లోనే ఉండాదమ్మా. గుడ్లు పెడ్తాండాది. నీకు కావాలంటే..." అన్నారు.

"పెట్టనియ్యండి అయ్యగారూ. దాన్ని ఇచ్చింది దేవునికి, కంపెనీకి కాదు" అని అమ్మ కూర్చుంది.

ఈసారి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో అమ్మ భుజాలు కాస్త కిందికి దిగడం వెనుక నుంచి చూశాను. తరువాత అయ్యగారు నా పేరు పెట్టి ప్రార్థన చేశారు. వస్తుందని గాని, వచ్చిందని గాని అనలేదు. వెతుకుతున్న బిడ్డ అన్నారు.

సోమవారం ఉదయం నాయన యశ్వంతనగర్‌కు, నేను బెంగళూరుకు బయలుదేరాము. ఇద్దరి బస్సులూ ఒకే చోట ఆగుతాయి. నా ఫైలు ఆయన చంకలో ఉంది, ఆయన అన్నం డబ్బా నా చేతిలో ఉంది. బస్సు వచ్చే దారి వైపు చూస్తూ ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొకరు ఎవరైనా కుప్ప గురించి అడిగితే, వానలో తడిసిన కుప్ప సంగతి కూడా చెప్పు. అది వేరే. నీకు చెప్పలే నేను."

నా బస్సుకు ఇంకా వేళ ఉంది. చెప్పమన్నాను.